వీడియో ఆపడం ఎవరు నేర్పుతారు?

మాలాంటి బీఈడీ విద్యార్థులు రేపు అడుగుపెట్టబోయే బడిలో సరంజామాకు కొదవలేదు. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు పథకం కింద బాగుపడిన పాఠశాలల్లో ఐఎఫ్‌పీలు (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు) గోడకెక్కాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ, వారికి చెప్పే టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచారు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్ష పోర్టల్‌లో పాఠం తెరుచుకుంటుంది. కానీ వీటిని ఎక్కడ వాడాలో, ఎక్కడ వద్దనుకోవాలో మాకు గట్టిగా నేర్పేవారు లేరు.

ఇంటర్న్‌షిప్‌లో పదో తరగతి గుండె పాఠం గమనించాను. యానిమేషన్ ఏకబిగిన నడిచింది. పిల్లలు కిక్కురుమనలేదు; తనిఖీకి వచ్చినవారు చూస్తే శభాష్ అనేవారే. తీరా, జఠరిక సంకోచించినప్పుడు రక్తం తిరిగి కర్ణికలోకి ఎందుకు పోదని అడిగితే ముందు బెంచీలవాళ్లు సైతం తలలు దించుకున్నారు. మరో సెక్షన్‌లో అదే వీడియోను టీచరు సరిగ్గా కవాటం మూసుకునే చోట ఆపేశారు. తెర మీదే బాణం గీసి, ‘ఇది మూసుకోకపోతే ఏమవుద్ది?’ అన్నారు. ‘రక్తం ఎనక్కి పోద్ది సార్’ అని చివరి బెంచీ నుంచి ఓ గొంతు. ఇక అక్కడి నుంచి పాఠాన్ని పిల్లలే లాక్కెళ్లారు.

బడిలో తెర మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ బోధన ప్రయోగం నడిపింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీలు చేరాయి. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో పొద్దున పూట బడిపిల్లలకు తెలుగులోనే కార్యక్రమాలు వచ్చేవి. అయితే వాటిని మధ్యలో ఆపే వీలు పంతులుకు లేదు, ప్రసారం దాని దారిన అది సాగిపోయేది. ఇప్పుడు ఆ పగ్గం టీచరు చేతికొచ్చింది. చిత్రమేమిటంటే, చాలా తరగతుల్లో ఐఎఫ్‌పీని నాటి టీవీలాగే వదిలేస్తున్నాం.

తప్పంతా టీచర్లదని నేననను. ముఖ హాజరు మొదలు మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్ల ఫొటోల దాకా యాప్‌లలో ఎక్కించమన్న కాలం చూశాం. అలాంటి చాకిరీ మధ్య వీడియోను ముందే చూసుకుని, ఆపాల్సిన చోటు గుర్తుపెట్టుకునే తీరిక ఎక్కడిది?

శిక్షణ సంగతి వేరు. 2015 నుంచి బీఈడీ రెండేళ్లయింది. ఐసీటీపై విమర్శనాత్మక అవగాహన అంటూ జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) ఒక పేపరే పెట్టింది. మా తరగతిలో అది పీపీటీ తయారీతో, రికార్డు సమర్పణతో ముగిసింది. లెసన్ ప్లాన్‌లో టీఎల్‌ఎం (బోధనాభ్యసన సామగ్రి) దగ్గర ‘వీడియో’ అని రాస్తే టిక్కు పడుతుంది. జాలాకార, సమాంతర ఈనెల వ్యాపనానికి మామిడాకు, గడ్డిపోచ చాలుగదా, వీడియో ఎందుకని అడిగేవారుండరు. అందుకే ఇంటర్న్‌షిప్ అబ్జర్వేషన్ షీటులో రెండు గడులు కలపాలి: వీడియో ఏ నిమిషంలో ఆపారు, ఆపి ఏమడిగారు. మార్కులు వాటికి వేయాలి.