ఏడాది వీసా సరే, దేశం దాటితే?



థాయిలాండ్‌లో విశ్రాంత జీవితంపై గత సంచికలో వచ్చిన వ్యాసం, వీసా పొడిగిస్తే ఏడాదంతా నిశ్చింతేనని తేల్చేసింది. అక్కడే స్థిరంగా ఉండేవారికైతే సరే. సగం ఏడాది అక్కడ, సగం విశాఖలో గడిపే మాలాంటి వాళ్లకు ఆ మాట చెల్లదు. రీ-ఎంట్రీ పర్మిట్ లేకుండా దేశం దాటితే పొడిగింపు అంతటితో రద్దు. ఆ పర్మిట్ ఒక్కసారికి 1,000 బాత్‌లు, ఎన్నిసార్లయినా వెళ్లి రావాలంటే 3,800. పొడిగింపు రుసుమే 1,900! వ్యాసంలో దీని ఊసే లేదు.

90 రోజులకోసారి చిరునామా తెలపడాన్ని మాత్రం భూతద్దంలో చూపారు. బయటికి వెళ్లొస్తే ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి మాకది పెద్ద బాధ కాదు. చిక్కంతా డబ్బు దగ్గరే. డిపాజిట్ చూపేవారు దరఖాస్తుకు ముందు రెండు నెలలు, అనుమతి వచ్చాక మూడు నెలలు అక్కడి బ్యాంకులో 8 లక్షల బాత్‌లు కదలకుండా ఉంచాలి. మిగతా కాలం 4 లక్షలకు తగ్గకూడదు. మనం ఇక్కడ మామిడిపళ్లు తింటున్నా సరే, అక్కడి ఖాతా నిండుగా ఉండాల్సిందే.

పైగా గడువు తీరేముందు దరఖాస్తుకు మనిషి అక్కడుండాలి. ఆ గడువు శీతాకాలంలో పడేలా మొదటే చూసుకోవడం మేలు. వేసవిలో పడిందా, మనవల సెలవులు ఇమిగ్రేషన్ ఆఫీసు వరసకే అర్పణం.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం