మొదటి సూది ఎవరి చేతికి?

ఈత నేర్చుకోవాలంటే నీళ్లలోకి దిగాల్సిందే. ఎంబీబీఎస్ విద్యార్థులకు వార్డుకు పంపేముందే స్కిల్ ల్యాబ్‌లో చేతిపని నేర్పాలన్న మాట వచ్చినప్పుడల్లా సీనియర్ డాక్టర్ల నోట వినిపించే జవాబు ఇదే. బొమ్మకు సూది గుచ్చితే వైద్యం వస్తుందా? మేమంతా రోగి మంచం పక్కన నిలబడే నేర్చుకున్నాం, డాక్టర్లం కాలేదా? వినడానికి దిట్టంగానే ఉంది. కాకపోతే ఈతలో నీళ్లు మింగేది నేర్చుకునేవాడు. వార్డులో మింగేది మంచం మీది మనిషి.

ఆ మనిషి ఎవరో కూడా చూడాలి. కార్పొరేట్ ఆసుపత్రి ఏసీ గదిలో ఉన్నవాళ్ల మీద ఏ విద్యార్థీ మొదటి సూది ప్రయత్నించడు. ఆ భాగ్యం ధర్మాసుపత్రి జనరల్ వార్డుది. ‘నరం దొరకట్లేదు’ అంటూ మూడోసారి గుచ్చినా నోరెత్తని మనిషి అక్కడే ఉంటాడు. ఉచితంగా చూస్తున్నారు కదా, ఏమని అడుగుతాడు? రోగే అసలు గురువు అంటారు. ఆ గురువుకు తాను పాఠం చెబుతున్న సంగతి చాలాసార్లు తెలియనే తెలియదు. ఇది మన ఒక్క దేశపు జబ్బు కాదు. మత్తులో ఉన్న స్త్రీలకు వైద్య విద్యార్థుల చేత అంతర్గత పరీక్షలు చేయించాలంటే ముందుగా వాళ్ల లిఖితపూర్వక అంగీకారం ఉండాల్సిందేనని అమెరికా ఫెడరల్ ఆరోగ్య శాఖ ఆసుపత్రులకు 2024 ఏప్రిల్‌లో తేల్చి చెప్పాల్సి వచ్చింది.

బొమ్మల మీద నేర్పడం విదేశీ మోజు అనేవాళ్లు సుశ్రుత సంహితలో యోగ్యాసూత్రీయం అనే అధ్యాయం తిరగేయాలి. కోత అభ్యాసానికి గుమ్మడికాయ, సొరకాయ, పుచ్చకాయ, దోసకాయ. సిరలు గుచ్చడానికి చచ్చిన పశువుల రక్తనాళాలు, కలువ కాడలు. కుట్లకు మందపాటి బట్ట, మెత్తని తోలు. కట్లు కట్టడానికి మనిషి ఆకారంలో చేసిన బొమ్మ. శాస్త్రాలన్నీ చదివినా ఈ అభ్యాసం లేనివాడు చికిత్సకు పనికిరాడని కూడా అక్కడే ఉంది. స్కిల్ ల్యాబ్ ఖర్చుతో కూడిన పని అనే వాదనకు కూడా ఆ కూరగాయల బుట్టలోనే సమాధానం దొరుకుతుంది.

18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో మదాం దు కూద్రే అనే మంత్రసాని బట్టతో, తోలుతో కాన్పు బొమ్మ కుట్టించి, 1759లో రాజు పదిహేనో లూయీ ఇచ్చిన ఉత్తర్వుతో ఊరూరా తిరిగి పల్లెటూరి స్త్రీలకు కాన్పులు చేయడం నేర్పింది. ఇవాళ గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కడం నేర్పే ‘రెసస్సీ ఆన్’ 1960లో నార్వేలో పుట్టింది. బొమ్మలాట అని వెక్కిరించేవాళ్లకు ఒక చిన్న సంతోషం: దాన్ని తయారుచేసిన ఆస్మండ్ లేర్డాల్ నిజంగానే ఆటబొమ్మల వ్యాపారి.

ఇక ఫలితాల సంగతి. మెడ దగ్గరి పెద్ద సిరలోకి గొట్టం వేయడాన్ని జూనియర్ డాక్టర్లకు ముందు సిమ్యులేటర్ మీద పక్కాగా నేర్పాక, చికాగోలోని ఒక ఐసీయూలో ఆ గొట్టాల వల్ల వచ్చే రక్తపు ఇన్‌ఫెక్షన్లు గొట్టం ఉన్న ప్రతి 1000 రోజులకు 3.2 నుంచి 0.5కు పడిపోయాయి. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ వైద్యులు 2009లో ప్రచురించిన లెక్క ఇది. బ్రిస్టల్‌లోని సౌత్‌మీడ్ ఆసుపత్రిది ఇంకో లెక్క. కాన్పులో తల బయటికొచ్చాక బిడ్డ భుజం ఇరుక్కుపోతే ఏం చేయాలో సిబ్బందికి బొమ్మ మీద నేర్పకముందు, అలాంటి కాన్పుల్లో 9.3 శాతం బిడ్డలకు గాయాలయ్యేవి. నేర్పాక 2.3 శాతం. ఇవి అప్పటికే డాక్టర్లు, మంత్రసానులుగా పనిచేస్తున్నవాళ్ల మీద వచ్చిన ఫలితాలు. వాళ్లకే అంత తేడా కనిపిస్తే, సిరంజి పట్టని చేతుల సంగతి చెప్పాలా?

‘మేం డాక్టర్లం కాలేదా’ అంటే, అయ్యారు. వాళ్లు నేర్చుకునే రోజుల్లో వాచిపోయిన చేతుల లెక్క మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

పైగా ఆ పాత రోజులూ లేవు. తెలంగాణలో 2022 నవంబరులో ఒకే రోజు ఎనిమిది, మరుసటి సెప్టెంబరులో తొమ్మిది ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లోనే విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో ఐదు వచ్చాయి. దేశంలో ఎంబీబీఎస్ సీట్లు లక్ష దాటాయి. ఒక మంచం చుట్టూ పదిహేను మంది మూగితే ముందు వరుస వాళ్లకు రోగి కనబడతాడు, వెనక వరుసకు ముందు వరుస వీపులు కనబడతాయి. దీన్ని గురుశిష్య పరంపర అనడం అతిశయోక్తి.

బొమ్మ నేర్పలేనివి ఉన్నాయి. వాచిన ప్లీహం వేలికి ఎలా తగులుతుందో ప్లాస్టిక్ పొట్ట చెప్పలేదు. ‘పానం బాగలేదు, కాళ్లు గుంజుతున్నయ్’ అనే ఆదిలాబాద్ అవ్వ మాటలోంచి జబ్బును పట్టుకోవడమూ దానివల్ల కాదు. అసలు విషయం ఇక్కడే ఉంది. నరంలోకి కాన్యులా పోతుందో పోదో అని చెమటలు పడుతున్న కుర్రాడి చెవికి ఆ మాట ఎక్కదు. చేతిపని ముందే వచ్చినవాడికే రోగి మాట వినే తీరిక ఉంటుంది. మాటను కూడా కొంతవరకు ముందే నేర్పొచ్చు. 1963లోనే అమెరికాలో హోవర్డ్ బారోస్ రోగిలా నటించే మనుషులతో శిక్షణ మొదలుపెట్టాడు. అఖిల భారత కోటాలో వచ్చిన రాజస్థాన్ అమ్మాయికి ఆదిలాబాద్ అవ్వలా మాట్లాడి చూపించడానికి కళాశాల ఆయమ్మకంటే మంచి నటి దొరకదు.

2019 నుంచి అమల్లో ఉన్న కొత్త పాఠ్యక్రమం స్కిల్ ల్యాబ్‌ను తప్పనిసరి చేసింది. కానీ గది ఉండటం వేరు, గడప దాటాలంటే పరీక్ష ఉండటం వేరు. 1975లో డండీలో రోనాల్డ్ హార్డెన్ పరిచయం చేసిన, ఒక్కో బల్ల దగ్గర ఒక్కో పని చేసి చూపించాల్సిన ఓస్కీ పరీక్షను వార్డు పోస్టింగ్‌కు ముందుకు జరిపితే చాలు. కాన్యులా, యూరిన్ కాథెటర్, ముక్కులోంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబ్, కుట్టు, ఛాతీ నొక్కడం: ఐదు బల్లలు. తప్పినవాళ్లు వార్డులో నిలబడి చూడొచ్చు, చేయి వేయకూడదు. వారం ల్యాబ్‌లో గడిపి మళ్లీ రావాలి. ఆ వారం బల్ల పక్కన నిలబడి నేర్పే అధ్యాపకుడు కావాలి. ఓపీ, థియేటర్, సాయంత్రం ప్రైవేటు ప్రాక్టీసు మధ్య ఆ గంటలు ఎవరివి అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం కన్నా ‘రోగే గురువు’ అనడం తేలిక. టైమ్‌టేబుల్‌లో ఆ గంటల పక్కన అధ్యాపకుల పేర్లు రాయమని ప్రిన్సిపాళ్లను అడిగితే, బొమ్మల మీద ఉన్న అభ్యంతరాల్లో ఎన్ని మిగులుతాయో తెలిసిపోతుంది.