వ్రేళ్ల చదువు

ఈ మాసం మా శీర్షికలో యంత్రాల ప్రసక్తి లేదు. పసిపిల్లల చేతివ్రేళ్ల ప్రసక్తి ఉన్నది.

మా మనుమనికి ఐదవ ఏడు వచ్చినా చొక్కా బొత్తాములు పెట్టుకోవడం రాలేదు. నడక, మాట కూడా ఆలస్యంగానే వచ్చాయి. ఎదుగుదలలో జాప్యమని వైద్యులు నిర్ధారించారు. ఉదయం బస్సు వేళకు ఇంటిల్లిపాదికీ హడావుడి గనుక, ఎవరి చేతులు ఖాళీగా ఉంటే వారు వాని బొత్తాములు పెట్టివేసేవారము. పాఠశాలవారేమో పెన్సిలు పట్టించి అక్షరాలు దిద్దించవలసినదేనని పట్టుబట్టారు. పెన్సిలు చూడగానే పిల్లవాడు బల్ల క్రింద దూరేవాడు.

మేము సంప్రదించిన ఆక్యుపేషనల్ థెరపిస్టు గారు పెన్సిలు ఊసే ఎత్తలేదు. బాబు కాళ్లు పైకెత్తి పట్టుకొని, అరచేతులపై నాలుగడుగులు నడిపించారు. భుజము, నడుము నిలకడ పొందనిదే మణికట్టు నిలవదని, మణికట్టు నిలవనిదే వ్రేళ్లు ఒడుపుగా కదలవని చెప్పారు. పునాది కదిలే క్రేనుతో బరువును గురి తప్పకుండా దింపమని మా ఉద్యోగ జీవితంలో ఎవరినీ అడిగి ఎరుగము. పసివానిని మాత్రం అదే అడిగాము!

సాధారణంగా శిశువు ఆరేడు నెలల నాటికి వస్తువును ఒక చేతినుండి మరొక చేతికి మార్చుకొంటుంది. తొమ్మిది, పది నెలలకు బొటనవ్రేలు, చూపుడువ్రేలు కలిపి నేలమీది చిన్న పలుకును ఏరగలుగుతుంది. ఏడాది నిండకమునుపే ఒక్క చేతినే వాడుతూ రెండవదానిని విడిచిపెట్టే బిడ్డను తడవు చేయక వైద్యునికి చూపాలి.

వారు సూచించిన సాధనాలకు పర్చేజ్ ఆర్డరు అవసరం లేకపోయింది. చపాతీ పిండి పిసకడం, పచ్చిబఠాణీలు ఒలవడం, తడిగుడ్డ పిండడం, దండెంపై బట్టలకు క్లిప్పులు పెట్టడం, ధనుర్మాసంలో ముగ్గుపిండిని వ్రేళ్ల నడుమ జార్చడం. (గింజలు నోట, ముక్కున పెట్టుకొనే పిల్లల వద్ద పెద్దలు కూర్చొనే ఉండాలి.) పలకను గోడకు నిలువుగా ఆనించి వ్రాయిస్తే మణికట్టు వెనుకకు వంగి బలపడుతుంది. పొడుగు బలపానికి బదులు ముక్కబలపం ఇస్తే పిడికిలితో పట్టే వీలుండదు. వ్రేళ్ల కొసలతోనే పట్టాలి. అక్షరాభ్యాసంనాడు బియ్యంపై వ్రేలితో దిద్దించే మన ఆచారానికి బలపమే అక్కరలేదు. ఆ పళ్లెమును ఒక్కరోజు ముచ్చటతో అటకెక్కించినది మనమే.

ఇక బొత్తాము సంగతి. దానిని చివరి మెట్టునుండి నేర్పాలట. కాజాలో ముప్పాతిక వంతు మేము దూర్చి, మిగిలినది లాగడం వానికి విడిచిపెట్టాము. ప్రతిసారీ పని ముగించిన ఘనత వానిదే. అది పట్టుబడిన పిమ్మట మా వాటా సగానికి తగ్గించాము. కిటుకు తేలికే. చేతులు కట్టుకొని చూస్తూ కూర్చోవడమే మా తరము కాలేదు. చివరకు ఇరువది నిమిషాలు ముందుగా లేవడం అలవరచుకొన్నాము.

ఇటువంటి బిడ్డలున్న మన ఉద్యోగులు సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడి, నేడు ఎన్.ఐ.ఈ.పి.ఐ.డి. అనే పేరుతో ఉన్న జాతీయ సంస్థను సంప్రదించవచ్చు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద జిల్లాలలోనూ ఇందుకు కేంద్రాలు వెలిశాయి.

ఎనిమిది మాసాలు గడిచాయి. క్రింది మూడు బొత్తాములు ఇప్పుడు వానివి, మెడ దగ్గరిది మాది. మొన్న ఒకటి తప్పు కాజాలో పడింది. మేము చేయి చాచబోగా, "ఉండు తాతా" అన్నాడు. ఉన్నాము. బస్సు వెళ్లిపోయింది.