పడవకు పత్రమున్నది, పనివానికేది?

మోటారు బండి వెనుక పడవను కట్టుకొని కెనడా సరిహద్దు దాటగోరే అమెరికా యజమాని, తన గుర్తింపు పత్రాన్ని, పడవ రిజిస్ట్రేషన్‌ను చూపి, సుంకపు అధికారి ప్రశ్నలకు జవాబిచ్చి సాగిపోతాడు. అరేబియా సముద్రంలో గుజరాత్ మరబోటుపై కూలికి పోయే తెలుగు కళాసీకి మాత్రం సరిహద్దు నీటి మీద కనిపించని గీత. పొరపాటున దానిని దాటితే అతని జవాబు వినే అధికారి లేడు. కరాచీ జైలు ఉన్నది.

2018 నవంబరు చివర వెరావల్ బోట్లపై వేటలో ఉన్న ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ సముద్ర భద్రతా దళానికి చిక్కారు. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా వద్ద విడుదలయ్యారు. పదమూడు నెలలకు పైగా చెర! బోటు ఏ దిక్కుకు సాగాలో నిర్ణయించేది కళాసీ కాదు. తండేలు చెప్పిన చోట వల లాగడమే అతని పని. సర్ క్రీక్ వద్ద హద్దు ఎక్కడో రెండు ప్రభుత్వాలే నేటికీ తేల్చుకోలేదు. శిక్ష మాత్రం కూలివానిది.

చట్టం లేక కాదు. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒడంబడిక ప్రకారం, ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపలవేట నిబంధనలు మీరినవారికి, దేశాల మధ్య వేరే ఒప్పందం లేనిచోట, కారాగార శిక్ష విధించరాదు. తగిన హామీపై పడవను, సిబ్బందిని త్వరగా విడిచిపెట్టాలి. దీనిని భారత్ 1995లో, పాకిస్తాన్ 1997లో ఆమోదించాయి. 2008 ఒప్పందం మేరకు ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు చేతులు మారుతాయి. కాని ఖైదీల స్థితిగతులు చూడవలసిన ఉభయ దేశాల న్యాయమూర్తుల సంఘం 2013 అనంతరం మూలపడింది. 2015లో 57 పడవలు పాకిస్తాన్ నుండి తిరిగి వచ్చాయి. పడవలను సరిహద్దు దాటించుటకు అనుమతులు సమకూర్చగల ప్రభుత్వాలకు, మనుషుల విషయంలో ఇంత జాప్యమెందుకు?

భిలాయి స్మృతి నగర్ నుండి మేము ఈ మాటలు వ్రాస్తున్నాము. 1959లో ఇక్కడ మొదటి బ్లాస్టు ఫర్నేసు వెలిగిన తరువాత ఉత్తరాంధ్ర పల్లెల నుండి పనికై వచ్చినవారి బిడ్డలు ఈ వీధులలో ఉన్నారు. ఒకే నేల బిడ్డలలో కొందరు ఉక్కుకు, కొందరు సముద్రానికి వలసపోయారు. ఉక్కు కార్మికునికి గేటు పాసు, ప్రావిడెంటు ఫండు నంబరు, ప్రమాద పరిహారం ఉన్నాయి. ఇవి యాజమాన్యాల దయాధర్మం కాదు, పోరాట ఫలం. కాంట్రాక్టు కార్మికులకు ఇవి సంపూర్ణంగా దక్కించే పోరు ఇంకా మిగిలే ఉన్నది. సముద్రంపై కళాసీకి ఆ పోరు మొదలు కావలసి ఉన్నది.

బోటు రేవు విడిచే ముందే ప్రతి కళాసీ పేరు నమోదు కావాలి. ఆ జాబితా అతని స్వరాష్ట్ర కార్మిక శాఖకు చేరాలి. తెలుగులో వ్రాసిన ఒప్పందం అతని చేతికి ఇవ్వాలి. చెరలో ఉన్నన్నాళ్లు యజమాని వేతనాన్ని ఇంటికి చెల్లించాలి. న్యాయమూర్తుల సంఘాన్ని వెంటనే పునరుద్ధరించాలి. సొంత తీరంలో చేపల రేవులు కట్టి వలస అవసరాన్నే తగ్గించాలి.

వలసపోయినవాడు దిక్కులేనివాడు కారాదు. అనుబంధ సంఘాలన్నీ ఈ డిమాండ్లను తమ తీర్మానాలలో చేర్చవలసిందిగా కోరుతున్నాము. పడవకు నంబరు వేసిన ప్రభుత్వం, దానిని నడిపే మనిషిని లెక్కలోకి తీసుకొనేవరకు ఈ విషయాన్ని విడువరాదు.