రిహార్సల్ గదిలో మూడో మనిషి

బ్రిటన్‌లో శనివారం సాయంత్రం బీబీసీలో 'స్ట్రిక్ట్‌లీ కమ్ డాన్సింగ్' వచ్చిందంటే మర్నాటి నుంచి మళ్లీ శనివారం దాకా అక్కడి పేపర్లకు పండగే. ఎవరికెన్ని మార్కులొచ్చాయి, ఎవరు ఇంటిదారి పట్టారు అన్నది రెండు ముక్కల్లో తేల్చేసి, మిగతా పేజీ అంతా ఇతర కబుర్లతో నింపుతారు. ఫలానా నటి తన డాన్స్ మాస్టర్ కళ్లలోకి చూసిన చూపు మామూలు చూపు కాదట. ఫలానా ఆయన భార్య ఈ వారం స్టూడియోకి రాలేదట. ఈ షోలో పాల్గొన్నవాళ్ల కాపురాలు చెడితే 'స్ట్రిక్ట్‌లీ శాపం' అంటారు. శాపం అనేస్తే ఇక ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు కదా!

విజయవాడలో కూచిపూడి నేర్పుతూ బతికినదాన్ని నేను. రెడింగ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఈ షో వదలకుండా చూస్తాను. ఆ కబుర్లు చదివితే మాత్రం కోపం వస్తుంది. రాయాల్సిన సంగతి ఒకటుంటే, రాసేది మరొకటి.

ఈ పోటీ 2004లో మొదలైంది. మన దేశంలో 2006లో వచ్చిన 'ఝలక్ దిఖ్‌లా జా' దీని పిల్లే. నటులు, ఆటగాళ్లు, న్యూస్ చదివేవాళ్లు, రాజకీయ నాయకులు... డాన్స్ వృత్తి కానివాళ్లను పట్టుకొచ్చి, ఒక్కొక్కరికీ ఒక ప్రొఫెషనల్ డాన్సర్‌ను జత చేస్తారు. వారానికో కొత్త డాన్స్ నేర్చుకోవాలి. ఈ వారం వాల్ట్జ్ అయితే పై వారం చాచాచా, ఆ పై వారం టాంగో. నలుగురు జడ్జీలు తలా పది మార్కుల చొప్పున నలభైకి వేస్తారు, దానికి జనం ఓట్లు కలుస్తాయి. అడుగున మిగిలిన రెండు జంటలు మళ్లీ ఆడితే, ఒకరిని జడ్జీలు ఇంటికి పంపిస్తారు.

జనం ఓటు వేసేది ఎప్పుడూ అందంగా ఆడినవాళ్లకే కాదు. 2008లో జాన్ సార్జెంట్ అనే రాజకీయ విలేకరికి జడ్జీలు అట్టడుగు మార్కులిస్తున్నా, ప్రేక్షకులు వారం వారం గట్టెక్కించారు. ఇలాగే పోతే నిజంగానే గెలిచేస్తానేమోనని చివరికి ఆయనే తప్పుకున్నారు. రాని విద్య కోసం ఒక పెద్దమనిషి అందరి ముందూ చెమటలు కక్కుతుంటే చూడ్డం జనానికి ఇష్టం. నాకూ ఇష్టమే. పాఠం చెప్పేదాన్ని కాబట్టి నేను ఇంకొంచెం ఎక్కువ చూస్తాను. వాళ్ల కాళ్లు చూస్తూనే, నేర్పినవాళ్ల బుర్ర ఎలా పనిచేసిందో పట్టుకోవాలని చూస్తాను.

2024లో గెలిచిన క్రిస్ మెకాస్‌లండ్ సంగతే తీసుకోండి. లివర్‌పూల్ మనిషి, హాస్య కళాకారుడు. కళ్లు కనపడవు. పుట్టుకతో వచ్చిన జబ్బు వల్ల యవ్వనంలోనే చూపు పోయింది. డాన్స్ ఎవరైనా నేర్చుకునేది చూసే కదా! మేం పిల్లలకు 'నన్ను చూసి చెయ్యి' అంటాం, అద్దం ముందు నిలబెడతాం. ఆ రెండూ ఆయన విషయంలో లేవు. నేర్పాల్సిన డయాన్ బజ్‌వెల్ ప్రతి కదలికనూ మాటల్లోకి మార్చుకుంది. తన చేయి ఎక్కడుందో, నడుం ఎటు తిరిగిందో ఆయన చేత తడిమించి చెప్పింది. వాల్ట్జ్‌లో జంట ఒకరినొకరు పట్టుకునే ఉంటారు కనుక ఆమె ఒంటి కదలికే ఆయనకు దారి చూపిస్తుంది. చేతులు వదిలి విడివిడిగా ఆడే డాన్సుల్లో అదీ ఉండదు. రెండు చుట్లు తిరిగాక జడ్జీలెటున్నారో, మెట్లెటున్నాయో లెక్కతోనే తెలియాలి. ఆయన ఆమె చేయి వదిలి తిరిగి, సరిగ్గా తాళానికి మళ్లీ ఆ చేయి అందుకున్నప్పుడు నేను సోఫాలోంచి లేచి నిలబడ్డాను. కళ్లున్న పిల్లల చేత అరమండి సరిగ్గా వేయించడానికే మాకు నెలలు పడుతుంది.

అంతకు ముందు 2021లో గెలిచిన రోజ్ ఐలింగ్-ఎల్లిస్‌కు పుట్టుకతో చెవుడు. ఆ ఏడాది నవంబరులో ఆమె డాన్స్ మధ్యలో సంగీతం పూర్తిగా ఆపేశారు. కొన్ని క్షణాలు నిశ్శబ్దం. ఇద్దరూ ఒక్క అడుగు తప్పకుండా ఆడుతూనే ఉన్నారు. ఆమెకు లోకం ఎప్పుడూ ఎలా ఉంటుందో చూసేవాళ్లందరికీ ఒక్కసారిగా తెలిసింది. తర్వాతి ఏడాది ప్రేక్షకుల ఓట్లతో దానికి బాఫ్టా అవార్డు వచ్చింది. వినికిడి లేని మనిషిలో లయ నిలబెట్టడమంటే మాటలా?

ఆమెకు నేర్పిన డాన్సర్ పేరు జొవాన్ని పెర్నీచే. అసలు సంగతి ఇక్కడుంది. 2023లో ఆయనకు జతగా వచ్చిన నటి అమాండా ఆబింగ్టన్ పోటీ మధ్యలోనే తప్పుకున్నారు. రిహార్సల్స్‌లో తన పట్ల ఆయన ప్రవర్తన బాగాలేదని ఫిర్యాదు చేశారు. ఆయన కాదన్నారు. బీబీసీ విచారణ జరిపి, 2024 సెప్టెంబరులో కొన్ని ఫిర్యాదులు నిజమేనని, కొన్ని కావని తేల్చి, ఆమెకు క్షమాపణ చెప్పింది. ఈలోగా ఆ జులైలోనే గ్రాత్సియానో దీ ప్రీమా అనే మరో డాన్సర్, తన భాగస్వామి పట్ల రిహార్సల్ గదిలో ప్రవర్తించిన తీరు వల్ల, షో నుంచి వెళ్లిపోవాల్సి వచ్చింది. జరిగినదానికి చింతిస్తున్నానని ఆయనే బహిరంగంగా చెప్పారు.

ఒక శిష్యురాలితో అంత అందమైన డాన్స్ ఆడించిన గురువు మీద, రెండేళ్లకు మరో శిష్యురాలు ఫిర్యాదు చేసిందంటే చాలామందికి మింగుడుపడలేదు. వీళ్లలో ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని పేపర్లు రెండు పక్షాలు కట్టి రోజుకో కథ వండాయి. నాకు మాత్రం అందులో వింత కనపడలేదు. మంచి విద్వాంసుడు మంచి గురువే అవ్వాలని లేదు. ఒక పిల్ల దగ్గర వెన్నలాంటి మనిషి, ఇంకో పిల్ల దగ్గర నోరు పారేసుకోవడం మా రంగంలో ఎంతమందిని చూడలేదు!

నేను నేర్చుకున్న రోజుల్లో మా గురువుగారి తాళం కర్ర పలక మీద ఎంత పడేదో మా పిక్కల మీదా అంతే పడేది. దెబ్బ కన్నా మాట ఇంకా గట్టిగా తగిలేది. నాతో పాటు గజ్జె కట్టిన ఒక అమ్మాయిని 'దున్నపోతు' అని పదిమందిలో అన్నారు. ఆ పిల్లకు మా అందరికన్నా మంచి అభినయం ఉండేది. మర్నాటి నుంచి క్లాసుకు రాలేదు, ఇక ఎప్పుడూ ఆడలేదు. ఆయన నేర్పిన జతులే నేను ఈరోజుకీ నేర్పుతున్నాను. ఆయన విద్య మీద గౌరవం ఉంది. ఆ మాటను మాత్రం క్షమించను.

డాన్సంటే కఠినం. చేతులు పట్టుకుని సరిచేయాలి, నడుం నొక్కి చూపించాలి, పదిసార్లు కాదు వందసార్లు చేయించాలి. శనివారం లైవ్ ముంచుకొస్తుంటే ఎవరికైనా ఓపిక పలచబడుతుంది. ఇదంతా ఒప్పుకుంటాను. కానీ అడుగు తప్పితే అడుగును తిట్టాలి, మనిషిని కాదు. బయట ఎంత పెద్ద స్టారైనా ఆ గదిలో ఓనమాలు దిద్దే పిల్లే. అందుకే అక్కడ గురువుకు ఉన్న అధికారం మామూలుది కాదు.

ఆ రిహార్సల్ గదుల్లో కెమెరాలు ఉండేవి. అయినా జరగాల్సింది జరిగింది. కెమెరా అన్నీ చూస్తుంది, 'ఇక ఆపండి' అనదు. తర్వాత సాక్ష్యానికి పనికొస్తుంది గానీ ఆ పూట ఏడుస్తున్న మనిషికి పనికిరాదు. 2024లో బీబీసీ పెట్టిన నియమం అందుకే నాకు నచ్చింది. జంట రిహార్సల్ చేస్తున్నంతసేపూ గదిలో షో తరఫు మనిషి ఒకరు ఉండాలి. సెలబ్రిటీల బాగోగులు చూడటానికి ఒకరు, డాన్సర్ల బాగోగులకు ఇంకొకరు. డాన్సర్లకూ ఒకరిని పెట్టడం సబబు. మూడో మనిషి ఉంటే గురువుకూ రక్షణే, లేనిపోని నింద పడదు. రెండు దశాబ్దాలు నడిచాక గానీ ఈ ఏర్పాటు రాకపోవడం మాత్రం తప్పు.

ఇప్పుడు మన సంగతి. ఈటీవీలో 'ఢీ' 2009 నుంచి నడుస్తోంది. ఆ తర్వాత చానెల్‌కొకటి, ఓటీటీకొకటి డాన్స్ షోలు వచ్చాయి. మన వెబ్‌సైట్లూ ఏం తక్కువ తినలేదు. ఏ మాస్టర్‌కీ ఏ యాంకర్‌కీ మధ్య ఏముందో వారం వారం రాస్తాయి. ఎపిసోడ్‌కు ముందు రాత్రి ఆ పిల్లలు ఎన్నింటి దాకా ప్రాక్టీస్ చేశారు, మధ్యలో తిన్నారా, కాలు బెణికితే ఆపారా అని అడిగిన రాత ఒక్కటీ నా కంట పడలేదు.

తల్లిదండ్రులకూ ఒక మాట. అమ్మాయిని చేర్పించడానికి వచ్చి, "కొట్టయినా సరే, నేర్పండి టీచర్‌గారూ, మేమేమీ అనుకోం" అని నాతో ఎంతమంది అన్నారో! అంత మాట ఏ గురువుకీ ఇవ్వకండి. నాకూ ఇవ్వకండి. వారానికొక్క పూటైనా వచ్చి క్లాసు వెనక చాప మీద కూర్చోండి. కూర్చోవద్దని ఏ టీచరైనా అంటే ఆ క్లాసు మాన్పించండి. చానెళ్లవాళ్లు కూడా వచ్చే సీజన్ ప్రోమో కంటే ముందు, తమ రిహార్సల్ హాల్లో పిల్లల తరఫున ఎవరుంటారో, ఆ మనిషికి 'ఆపండి' అనే అధికారం ఉందో లేదో ప్రేక్షకులకు చెప్పాలి.