రెండు మిల్లీమీటర్ల తగవు

కారు మూడు రోజులు షెడ్డులో ఉంది. క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మొత్తం సెట్టే మార్చారు. బిల్లు కట్టి తాళాలు అందుకున్న యజమాని పెడల్‌ను నేల దాకా తొక్కి రివర్స్ వేయబోతే గేర్‌బాక్స్ గర్రుమంది. ఎలాగోలా మొదటి గేరు పడింది కానీ, పెడల్ మీంచి కాలు తీయకముందే కారు ముందుకు పాకడం మొదలెట్టింది. మెకానిక్ దగ్గర సమాధానం సిద్ధంగానే ఉంది: "కొత్తది కదా సార్, రెండ్రోజులు తిప్పండి. అదే సెట్టవుతుంది."

సెట్టవదు. కొత్త ప్లేటు ఫ్లైవీల్‌తో బాగా అలవాటు పడటానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుందన్న మాట నిజమే. ఆలోపు కారు కదిలేటప్పుడు కాస్త వణకొచ్చు. కానీ అది క్లచ్ పట్టడానికి సంబంధించిన వ్యవహారం. క్లచ్ వదలకపోవడం పూర్తిగా వేరే జబ్బు. దానికి కాలం మందు కాదు. పైగా అలా తిప్పిన కొద్దీ గేర్లు మారేటప్పుడు వేగాన్ని సమం చేసే సింక్రో రింగులు అరిగిపోతాయి. అంటే క్లచ్ పనికి వచ్చిన బిల్లు మెల్లగా గేర్‌బాక్స్ బిల్లుగా మారుతుంది. ఇక సిగ్నల్ దగ్గర ముందున్న స్కూటర్ మీదికి కారు పాకితే జరిగే నష్టానికి లెక్కే లేదు.

అసలు లోపల జరిగేదేమిటి? ఇంజన్‌తో తిరిగే ఫ్లైవీల్‌కూ, ప్రెజర్ ప్లేటుకూ మధ్య క్లచ్ ప్లేటు నొక్కుకుని ఉంటుంది. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగ్ ముందుకు జరిగి ప్రెజర్ ప్లేటు మధ్యనున్న స్ప్రింగు వేళ్లను నొక్కుతుంది. అప్పుడు ప్రెజర్ ప్లేటు వెనక్కి జరిగి మధ్యనున్న ప్లేటును వదిలేస్తుంది. అది వెనక్కి జరిగేది సాధారణంగా ఒకటి రెండు మిల్లీమీటర్లే. పాదం దగ్గర అంగుళాల్లో ఉన్న కదలిక అక్కడికి చేరేసరికి అంతగా కుదించుకుపోతుంది. కాబట్టి దారిలో ఎక్కడ కాస్త కదలిక పోయినా ప్లేటు వదలదు.

తగవు తేల్చాల్సిన ప్రశ్న ఒక్కటే: కదలిక గేర్‌బాక్స్ బయట పోతోందా, లోపల పోతోందా? బయటే అయితే ఖర్చు వందల్లో తేలిపోవచ్చు. లోపలైతే గేర్‌బాక్స్ మళ్లీ దించాలి. ఈ తేడా తేల్చకుండా గేర్‌బాక్స్ దించడమూ తప్పే, దించకుండా దాటేయడమూ తప్పే.

మొదట చూడాల్సింది మరీ చిన్న విషయం. పెడల్ కింద కొత్తగా వేసిన దళసరి మ్యాట్ అడ్డుపడుతోందా? నవ్వొచ్చే కారణమే అయినా, పెడల్ చివరి అంగుళం తొక్కుడు దానికే పోతే క్లచ్ వదలదు.

తర్వాత కేబుల్. 1983లో వచ్చి 2014లో తయారీ ఆగిపోయిన మారుతి 800తో మొదలుపెట్టి ఎన్నో చిన్న కార్లలో పెడల్‌నూ ఫోర్కునూ కలిపేది ఈ కేబులే. పాత ప్లేటు అరిగేకొద్దీ స్ప్రింగు వేళ్లు బేరింగ్ వైపు జరుగుతూ వస్తాయి, పెడల్‌లో ప్లే తగ్గిపోతుంది. అందుకే మెకానిక్ అప్పుడప్పుడూ కేబుల్‌ను వదులు చేస్తుంటాడు. దళసరిగా ఉన్న కొత్త ప్లేటు వేయగానే ఆ వేళ్లు తిరిగి వెనక్కి వెళ్లిపోతాయి. కేబుల్ మాత్రం పాత కొలతలోనే వదులుగా ఉండిపోతే పెడల్ సగం తొక్కుడు ఖాళీగా పోతుంది. కొత్త క్లచ్ వేశాక కేబుల్ సర్దకపోవడం ఒక మామూలు మరుపు. దాన్ని సరిచేయడానికి పట్టేది కొద్ది నిమిషాలే. అలాగని ప్లే లేకుండా బిగించేయడమూ ప్రమాదమే. బేరింగ్ ఎప్పుడూ నొక్కుకుని ఉండి త్వరగా పోతుంది. ఎంత ప్లే ఉండాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

హైడ్రాలిక్ క్లచ్ అయితే అనుమానించాల్సింది గాలిని. గేర్‌బాక్స్ దించేటప్పుడు స్లేవ్ సిలిండర్ పైపు విప్పితే లోపలికి గాలి చేరుతుంది. ద్రవం నొక్కుకుపోదు కానీ గాలి నొక్కుకుపోతుంది, పెడల్ శ్రమ అంతా దానికే సరిపోతుంది. పరీక్ష తేలిక. పెడల్‌ను నాలుగైదు సార్లు గబగబా కొట్టి, చివరిసారి అలాగే తొక్కి ఉంచి గేరు వేయాలి. ఇప్పుడు సాఫీగా పడితే అనుమానం గాలి మీదో, అలసిపోయిన మాస్టర్ సిలిండర్ మీదో పెట్టొచ్చు. ముందు బ్లీడింగ్ చేసి గాలి తీయాలి. తర్వాత కూడా పెడల్ మెల్లగా దిగజారుతుంటే సిలిండర్ సీళ్లు చూడాలి. అందులో పోయాల్సింది డబ్బా మూత మీద రాసిన డాట్ రకం బ్రేక్ ఆయిలే. ఇంజన్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. కొన్ని కార్లలో బ్రేకులకూ క్లచ్‌కూ డబ్బా ఒక్కటే కాబట్టి ఆ నిర్లక్ష్యం బ్రేకుల దాకా పాకుతుంది.

ఇక తీర్పు చెప్పే పరీక్ష. ఇంజన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి ఒకరు పెడల్ తొక్కుతుంటే, మరొకరు గేర్‌బాక్స్ దగ్గర ఫోర్కు ఎంత దూరం కదులుతోందో స్కేలుతో కొలవాలి. కదలిక కొలతకు తగ్గిందంటే లోపం బయటే ఉంది, గేర్‌బాక్స్‌ను ముట్టుకోనక్కర్లేదు. ఫోర్కు పూర్తిగా కదులుతున్నా క్లచ్ వదలడం లేదంటే లోపం లోపలే. అప్పుడు ఎవరెంత సర్ది చెప్పినా గేర్‌బాక్స్ దించక తప్పదు. కొన్ని కొత్త కార్లలో స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ లోపలే, బేరింగ్‌తో కలిసి ఉంటుంది. వాటిలో ఫోర్కే ఉండదు కాబట్టి గాలి పూర్తిగా తీశాకే ఓ నిర్ణయానికి రావాలి.

లోపలి తప్పుల్లో కొన్ని బిగింపులో దొర్లేవి. ప్లేటును తిరగేసి బిగించడం వాటిలో ఒకటి. ఫ్లైవీల్ వైపు ఏదో, గేర్‌బాక్స్ వైపు ఏదో చాలా ప్లేట్ల మీద రాసే ఉంటుంది. హడావుడిలో అది తారుమారైతే మధ్యనున్న స్ప్రింగుల భాగం ఫ్లైవీల్‌కు తగిలి ప్లేటు విడిపడదు. గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు బరువును షాఫ్ట్ మీద వేలాడనిస్తే కొత్త ప్లేటు వంగిపోతుంది. ప్రెజర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించకుండా ఒకవైపు నుంచి లాగేస్తే అదీ వంకరపోతుంది. షాఫ్ట్ పళ్లకు తుప్పుంటే ప్లేటు అక్కడే ఇరుక్కుంటుంది, గ్రీజు అతిగా పూస్తే చిమ్మి ప్లేటుకే అంటుకుంటుంది. ఫ్లైవీల్‌ను లేతు మీద మితిమీరి చెక్కినా కొలత తప్పుతుంది.

మరికొన్ని తప్పులు దుకాణంలోనే జరుగుతాయి. ఢిల్లీ కశ్మీరీ గేట్ అయినా, విజయవాడ ఆటోనగర్ అయినా ఒకే కారుకు రెండు మూడు రకాల సెట్లు దొరుకుతాయి. పెట్రోలు మోడల్‌దీ డీజిల్ మోడల్‌దీ పైకి ఒకలాగే కనిపించొచ్చు. పెట్టె మీద కంపెనీ పేరున్నంత మాత్రాన లోపలిది ఆ కంపెనీదే కానక్కర్లేదు. విప్పిన పాత ప్లేటును కొత్తదాని పక్కన పెట్టి వ్యాసం, పళ్ల సంఖ్య, మందం పోల్చి చూసే మెకానిక్ ఆ ఐదు నిమిషాల్లో ఒక రోజు పని ఆదా చేస్తాడు.

అసలు చిక్కు రెండోసారి కూలీ ఎవరు భరించాలన్న దగ్గర వస్తుంది. బిగింపులో తప్పుంటే అది షెడ్డుదే. సామాను తప్పయితే, దాన్ని కొన్నదెవరన్న ప్రశ్న వస్తుంది. యజమాని నాలుగు డబ్బులు మిగులుతాయని తానే సెట్టు కొని తెస్తే, మెకానిక్‌ను ఒక్కణ్నే నిలదీయడం న్యాయం కాదు. అందుకే పని మొదలయ్యే ముందే మూడు మాటలు అనుకోవాలి: సామాను ఎవరు తెస్తారు, విప్పిన పాత భాగాలు తిరిగి ఇస్తారా, బిల్లులో భాగాల పేర్లూ కూలీ విడివిడిగా రాస్తారా. ఆ బిల్లుంటే, మాట వినని షెడ్డు మీద 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపమని ఫిర్యాదు చేయొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. బిల్లు లేకపోతే మిగిలేది వాదనే.

అన్నిటికంటే తేలికైన జాగ్రత్త బిల్లు కట్టకముందే ఉంది. ఇంజన్ వేడెక్కాక, పెడల్ తొక్కి ఐదు సెకన్లు ఆగి రివర్స్ వేయాలి. చప్పుడు లేకుండా పడితే తాళాలు తీసుకోవచ్చు. గర్రుమంటే కారు షెడ్డు గేటు దాటకూడదు, 'రెండ్రోజులు తిప్పండి' అన్న మాట ఎంత మర్యాదగా వినిపించినా సరే.