రొయ్య మేతకు లెక్కుంది, కూలీ కష్టానికి లెక్కేదీ?

కోస్తాలో రొయ్యల చెరువు గట్టు మీద పనిచేసే ఏ కూలీని అడిగినా రొయ్య తిండి సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. రోజుకు నాలుగు మేతలు. చెక్ ట్రేలో వేసిన మేతను రెండు గంటల తర్వాత పైకి లాగి, మిగిలిందా, తినేసిందా చూస్తారు. దాన్నిబట్టి తర్వాతి మేత పెంచటమో తగ్గించటమో జరుగుతుంది. మబ్బు పట్టినా, రొయ్య పెంకు విడిచే రోజులొచ్చినా మేత తగ్గిస్తారు. రొయ్య నోటి దగ్గర ప్రతి కిలోకూ లెక్కుంది. కానీ ఆ మేత చల్లే మనిషి ఎన్ని గంటలు పనిచేశాడో, రాత్రి ఎంతసేపు కన్ను మూశాడో ఏ పుస్తకంలోనూ రాయరు. ఈ రెండు లెక్కల తేడాలోనే రొయ్యల వ్యాపారం గుట్టంతా ఉంది.

మేత బస్తాలో ఏముంది?

నేడు మన చెరువుల్లో ఎక్కువగా పెంచుతున్న వనామీ రొయ్య మేతలో మాంసకృత్తులు నూటికి 35 పాళ్ళ చుట్టూ ఉంటాయి. సోయా పిండి, చేప పొడి, గోధుమ పిండి, చేప నూనె దీనికి ముడిసరుకు. చేప పొడి చేసేది కవళ్ళలాంటి చిన్న చేపలతోనే. తీరంలో పేదవాడి కూరకు పనికొచ్చే చేప, మేతగా మారి, రొయ్యగా మారి, చివరికి అమెరికా వాడి బల్ల మీదకు చేరుతున్నది.

కిలో రొయ్య పెరగటానికి కిలోన్నర దాకా మేత కావాలి. సాగు ఖర్చులో సగం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, మేతకే పోతుంది. కిలో మేత వంద రూపాయలనుకుంటే, టన్ను రొయ్య తీసే రైతు లక్షన్నర దాకా మేతకే పోయాలి. అంత డబ్బు చిన్న రైతు దగ్గర, కౌలు రైతు దగ్గర ఎక్కడిది? డీలరు అరువిస్తాడు. అరువు మేతకు రేటు ఎక్కువ. పట్టుబడి నాడు సరుకు కూడా డీలరు చూపించిన వ్యాపారికే పోయాలి, అతగాడు చెప్పిన కౌంటుకే తూచాలి. ఇక రైతుకు మిగిలేది చెరువూ, రోగమూ, అప్పూ.

ఇ.హెచ్.పి. అనే సూక్ష్మజీవి పట్టిన చెరువు సంగతి చూడండి. రొయ్య వెంటనే చావదు, అట్లా అని పెరగదు, మేత మాత్రం తింటుంది. దానికి నమ్మదగిన మందంటూ లేదు. రైతు మునిగిపోతాడు, మేత కంపెనీకి మాత్రం బస్తా అమ్ముడుపోయినట్లే.

గాలి కూడా కొనుక్కోవాలి

ఈ పరిస్థితి ఒక్క రోజులో రాలేదు. 1990ల మొదట్లో టైగరు రొయ్య 'బంగారం' అన్నారు. 1994-95లో తెల్లమచ్చ రోగం వచ్చి ఆ బంగారమంతా బురదలో కలిసింది. 2009లో ప్రభుత్వం అమెరికా ఖండపు పసిఫిక్ తీరానికి చెందిన వనామీని అనుమతించింది. టైగరు కన్నా తక్కువ మాంసకృత్తులతో పెరుగుతుంది, చెరువులో చిక్కగా వేయొచ్చు కాబట్టి అందరూ దానికే ఎగబడ్డారు. రోగంలేని తల్లి రొయ్యలు విదేశాల నుంచి రావాలి. అంటే విత్తనమూ పరాయి చేతుల్లోదే.

చదరపు మీటరుకు 60 పిల్లలకు మించి వేయరాదన్నది నిబంధన. ఆ లెక్కనైనా ఎకరానికి దాదాపు రెండు లక్షల నలభై వేల ప్రాణులు! పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రయితే నాచూ రొయ్యా కలిసి దాన్ని పీల్చేస్తాయి. లీటరు నీటిలో నాలుగు మిల్లీగ్రాముల కన్నా తగ్గితే కష్టం. తెల్లవారుజాము గండం అందుకే. కరెంటు పోయిందంటే కాపలా ఉన్న కూలీ చీకట్లో లేచి జనరేటరు వేసి ఏరియేటర్లు తిప్పాలి. ఆలస్యమైతే పంట పోతుంది. తొందరపడితే తడి గట్టు, ఉప్పునీరు, తెగిన కేబులు అతని ప్రాణమే తీస్తాయి.

తినగా మిగిలిన మేతా, రెట్టా కుళ్ళిన నీరు కాలవల్లోకి పోతుంది. పక్క వరిచేను చౌడు తేలుతుంది. వరి ఉన్నన్నాళ్ళు నాట్లకూ, కలుపుకూ, కోతకూ ఆడకూలీలకు పని ఉండేది. చెరువు తవ్వాక ఒకరిద్దరు మగకూలీలతో సరి.

కూలీకి దక్కిందేమిటి?

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల చెరువుల మీద తీర్పునిచ్చింది. మూతపడే చెరువుల్లో ఏడాదికి తగ్గకుండా పనిచేసిన కార్మికులకు అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద పరిహారమే కాక, అదనంగా ఆరేళ్ళ వేతనం ఇవ్వాలన్నది. చెరువు కూలీ కూడా కార్మికుడేనని దేశపు పెద్ద కోర్టు ఒప్పుకున్నదన్నమాట. తర్వాత 2005లో పార్లమెంటు చట్టం చేసి తీరప్రాంత చెరువులకు రిజిస్ట్రేషన్ పేరుతో దారి తెరిచింది. చెరువు కూలీ రేటూ, పని గంటలూ తేల్చటానికి వచ్చిన చట్టం కాదది.

2017 మార్చి 30న పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు మండలంలో ఒక ఆక్వా ప్లాంటు ట్యాంకులోని విషవాయువుకు ఐదుగురు యువ కార్మికులు బలయ్యారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచగానే ఇక్కడ కొనుగోలు రేట్లు పడిపోయాయి. ఎగుమతిదారు రైతు మీదికి, రైతు కూలీ మీదికి నెట్టటమే ఈ వ్యాపారంలో వరస.

అందుకే చిన్న రైతుకూ కూలీకీ తగవు పెట్టే మాటలు నమ్మకూడదు. మేత ధర మీద ప్రభుత్వ అదుపు, కౌలు రైతుకు బ్యాంకు అప్పు, కౌంటుకింత అని కనీస కొనుగోలు ధర కావాలి. వాటితోపాటే కాపలా కూలీకి కనీస వేతనం, పని గంటల రిజిస్టరు, ఎర్తింగు ఉన్న కరెంటు లైను, ప్రమాద బీమా కావాలి. మొదటివి సాధించి రెండోవి వదిలేస్తే ఆ ఉద్యమం సగంలో ఆగినట్లే.

చెరువు పుస్తకంలో మేత బస్తాలు రాసే పేజీ పక్కనే కూలీ పని గంటలు రాసే పేజీ కూడా ఉండాలి. ప్రతి ఊళ్ళో సంఘం ముందుగా అడగవలసింది ఆ పేజీనే.